ఒక్కపొద్దుల ఇంట్లో మధ్యాహ్నం భోజనం

తిరువూరు నాకు పరదేశమే. మాది శ్రీకాకుళం వైపు, సముద్రపు హోరు వినపడే పల్లె. తపాలా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చి, బెజవాడలో రైలు దిగి, బస్సెక్కి, ఎ.కొండూరు దాటి ఇక్కడికి చేరేసరికి మా అమ్మ లెక్కలో నేను దేశం దాటిపోయినట్టే. నేను నోరు విప్పితే ఇక్కడివాళ్ళు నవ్వేవారు. వాళ్ళు వండిన కూర నోట్లో పెట్టుకుంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చేవి. కొన్నాళ్ళకి ఒకరికొకరం అలవాటు పడ్డాం.

అప్పట్లో నేను పరమ నాస్తికుణ్ణి. ఇప్పుడూ నాస్తికుణ్ణే గాని, ఆ రోజుల్లో దాన్ని చాటుకోవాలన్న దురద ఎక్కువ. గది అద్దెకి అడగడానికి వెళ్ళిన మొదటి ఇంట్లో, దేవుడి పటానికి మేకు ఎక్కడ కొట్టుకుంటావని అడిగారు. నాకు పటం లేదు, దేవుడూ లేడని చెప్పాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఎందుకు లేడో కూడా చెప్పాను. గది ఇంకెవరికో మాటిచ్చేశామన్నారు. రెండో ఇంట్లోనూ అదే వరస. చివరికి ఆఫీసు వెనక సందులో, పరుపులు కుట్టే సాయిబు గారింట్లో వీధివైపు గది ఖాళీగా ఉందంటే వెళ్ళాను. ఈసారి ఎవరూ అడక్కముందే నాకు ఏ దేవుడూ లేడని చెప్పేశాను. సాయిబు గారి భార్య నన్ను కాసేపు జాలిగా చూసి, "అయితే అన్నం ఎక్కడ తింటావు బాబూ?" అంది.

గదితో పాటు భోజనమూ అక్కడే కుదిరింది. ఆవిణ్ణి పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నా గది కిటికీలో గిన్నెలు మూతలు పెట్టి ఉండేవి. ఇంట్లో వాళ్ళిద్దరూ, కోడలు, మనవరాలు. కొడుకు లారీ నడుపుతూ జగదల్‌పూర్ వైపు తిరిగేవాడు, నెలకో రెండుసార్లు ఇంటికొచ్చి పడుకుని లేచి వెళ్ళిపోయేవాడు. కోడలిది విస్సన్నపేట. నా ఎదుటకి పెద్దగా వచ్చేది కాదు, మామగారి ఎదుట అయితే అసలు నోరు విప్పేది కాదు. వాళ్ళు ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుకునేవారు. రంజాన్ నెలలో ఉండే ఉపవాసాన్ని ఒక్కపొద్దు అనేవారు.

సాయిబు గారు నా గది పక్కనున్న సావిట్లో కూర్చుని దూది ఏకేవారు. పొడుగాటి విల్లుకి కట్టిన తీగెని దూదిలో ఉంచి కొడుతుంటే టంగుమని మోగేది. పొద్దున్నే ఆ చప్పుడుతోనే నాకు మెలకువ వచ్చేది. మొదట్లో విసుక్కున్నాను గాని, తర్వాత అది వినపడకపోతే తోచేది కాదు. ఆయన కుట్టిన పరుపు మీద పడుకోని కొత్త దంపతులు ఆ చుట్టుపక్కల లేరని చెప్పుకునేవారు. ఆ మాట చెప్పుకునేది ఎక్కువగా ఆయనే.

నేను చేరిన కొద్ది నెలలకి, వానాకాలం చివర్లో రంజాన్ వచ్చింది. ఎమర్జెన్సీ రోజులు. ఆఫీసుకి కాస్త ఆలస్యమైతే మా పోస్టుమాస్టరు దేశద్రోహం చేసినట్టు చూసేవాడు. ఇంట్లోనేమో అందరూ తెల్లవారకముందే తినేసి, సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. అలాంటి ఇంట్లో నేనొక్కణ్ణే పట్టపగలు కూర్చుని భోంచెయ్యడం ఎలాగా అని నాకు ఇబ్బందిగా ఉండేది. ఈ నెలంతా హోటల్లో తింటానన్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. మాకు ఒక్కపొద్దయితే నువ్వు పస్తుండటం దేనికి అంది. ఉపవాసంలో ఉన్న మనిషి నాకోసం పొయ్యి రాజేసి వండటమేమిటి అని వాదించబోయాను. వండితే ఒక్కపొద్దు పోదు, తింటే పోతుంది అని లోపలికి వెళ్ళిపోయింది.

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ నెల మొదలైన దగ్గర్నుంచీ నా కిటికీలోకి అన్నం రావడం తగ్గిపోయింది. జొన్నరొట్టెలు, కాకరకాయ. మర్నాడు జొన్నరొట్టెలు, మెంతికూర పప్పు. ఆ మర్నాడు మళ్ళీ కాకరకాయ. రొట్టెలు మాత్రం నేనెంత తిన్నా మిగిలిపోయేటన్ని. బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. దేవుడు లేడన్నవాడికి ఈ పవిత్రమైన నెలలో ఆవిడ మర్యాదగా శిక్ష వేస్తోంది. అడుగుదామా అనుకున్నాను గాని, ఆకలితో ఉండి వండి పెట్టిన మనిషిని కూరకి వంక పెట్టి ఎలా అడగను? కిమ్మనకుండా తిన్నాను.

సాయిబు గారి సంగతి అప్పుడు బయటపడింది. ఒక మధ్యాహ్నం నేను గదికి వచ్చేసరికి విల్లు చప్పుడు లేదు. సావిట్లోకి తొంగిచూస్తే ఆయన గోడకి చేరగిలబడి ఉన్నారు. మొహమంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. ఆయనకి చక్కెర జబ్బుంది. కిందటేడు సరిగ్గా ఈ నెలలోనే ఒక్కపొద్దులుండి దూదికుప్ప మీద పడిపోతే బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారని, బతుకుతాడో లేదో అనుకున్నారని నాకు వీధిలో వాళ్ళు చెప్పారు. వేళకి తిని మాత్ర వేసుకోకపోతే ఈసారి మా దగ్గరికి తేనక్కర్లేదని డాక్టరు అన్నాడట. మసీదులో పెద్దాయన కూడా జబ్బు మనిషికి ఒక్కపొద్దు తప్పనిసరి కాదన్నాడు. దానికి బదులు రోజూ ఒక బీదవాడికి కడుపునిండా అన్నం పెట్టమన్నాడు. సాయిబు గారు ఇద్దరి మాటకీ తలూపి, ఇంటికొచ్చి ఇప్పుడంతా బాగానే ఉందట, ఒక్కపొద్దు ఉండొచ్చన్నారని చెప్పేశారు.

ఆయన్ని నా గదిలోకి నడిపించుకొచ్చి, పస్తుతో ఒంట్లో చక్కెర పడిపోయి ఉంటుందని గ్లాసు నీళ్ళలో పంచదార కలిపి నోటి దగ్గర పెట్టాను. తల అడ్డంగా ఊపారు. నాకు భయమూ కోపమూ రెండూ ఒక్కసారే వచ్చాయి.

"ఈ గదిలో దేవుడు లేడు సాయిబు గారూ. ఎవరూ చూడరు. తాగండి."

ఆయనకి ఆ స్థితిలో కూడా నవ్వొచ్చింది. తాగారు. కాసేపటికి వణుకు తగ్గాక నెమ్మదిగా చెప్పారు.

"నీ గదిలో లేకపోతే మాత్రం, నాకున్నాడుగా. ఆయనతో నాకు పేచీ లేదు బాబూ, నా ఒంటి సంగతి ఆయనకి తెలుసు. ఇంట్లో ఆడవాళ్ళు నోరు కట్టుకుని ఉంటే, మగాణ్ణి నేను కంచం ముందేసుక్కూచోడమేంటి? కోడలి ముందు, మనవరాలి ముందు? అది నావల్ల కాదు."

మనవరాలు ఆ ఏడే మొదటిసారి ఒక్కరోజు ఒక్కపొద్దు ఉంది. మా తాత ఊహ తెలిసినప్పటి నుంచీ, ఆసుపత్రిలో ఉన్న రోజులు తప్ప, ఒక్కటి కూడా వదల్లేదని బడిలో చెప్పుకు తిరిగేది. ఆ మాట ఆయన్ని పొడుచుకు తినేది.

నేను కిటికీలో గిన్నెలు తీసి ఆయన ముందు పెట్టాను. తలుపు వేశాను. ఆయన రొట్టె తిని, లుంగీ మడతలోంచి మాత్ర తీసి వేసుకున్నారు. మాత్రలు రోజూ దగ్గర పెట్టుకునే తిరుగుతున్నారన్నమాట, వేసుకునే చోటే దొరకలేదు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం ఇద్దరం నా గదిలోనే చేశాం. ఎవరైనా చూస్తే అనడానికి ఆయన ఒక సాకు కనిపెట్టారు. నా దిండు గట్టిపడిపోయిందట, దూది మార్చాలట. దాన్ని చంకన పెట్టుకుని లోపలికి రావడం, తిన్నాక మళ్ళీ చంకన పెట్టుకుని వెళ్ళడం. ఆ నెలలో నా దిండుకి జరిగినన్ని మరమ్మతులు ప్రపంచంలో ఏ దిండుకీ జరిగి ఉండవు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని, దొంగల్లాగా గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ కాకరకాయ తినేవాళ్ళం. దేవుడు ఎందుకు లేడో నేను చెప్పేవాణ్ణి. ఆయన శ్రద్ధగా విని, ఇంకో రొట్టె తుంచుకునేవారు. ఆయన మొహంలో మళ్ళీ రంగు వస్తుంటే నాకు చెప్పలేనంత హాయిగా ఉండేది. ఎవరినైనా బతికించడం నాకు అదే మొదలు. కాకరకాయ మీద కోపం కూడా పోయింది, మిగిలిపోయేటన్ని రొట్టెలు వస్తున్నందుకు పెద్దమ్మని మనసులో మెచ్చుకున్నాను.

సాయంత్రాలు నాకు ఇంకో ఉద్యోగం ఉండేది. ఒక్కపొద్దు విడిచే వేళకి అత్తాకోడళ్ళు వంట చేసేవారు గాని, రుచి చూసే వీలు ఇద్దరికీ లేదు. గరిటె చివర కాస్త పులుసు నా అరచేతిలో వేసి ఉప్పు చూడమనేది పెద్దమ్మ. చుట్టుపక్కల ఇళ్ళనుంచి కూడా గిన్నెలు రావడం మొదలైంది. ఆ సందు మొత్తానికి పగలు ఉప్పు చెప్పగల నాలుక నాదే. ఆఫీసులో తపాలా ముద్ర కొట్టినప్పుడు కూడా నాకంత విలువ దక్కలేదు.

నెల సగం దాటాక, ఒక సాయంత్రం పెరట్లో అందరం ఉన్నాం. చాప పరిచి ఖర్జూరాలు, పండ్ల ముక్కలు సర్దుతున్నారు. పెద్దమ్మ నా చేతిలో కూర వేసింది. ఉప్పు కొంచెం తగ్గినట్టుందన్నాను. మంచం మీద కూర్చున్న సాయిబు గారు మాటల్లో పడి అనేశారు.

"మధ్యాహ్నం కాకరకాయలో కూడా తగ్గింది. ఈ మధ్య నీకు ఉప్పు మీదకి చెయ్యి పోవట్లేదే."

కోడలు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను నేలకేసి చూస్తున్నాను. మనవరాలికి మాత్రం ఏ భయమూ లేదు, తాతా నువ్వు మధ్యాహ్నం కాకరకాయ తిన్నావా అని అడిగేసింది. పెద్దమ్మ దానికి ఒక చెంబిచ్చి నీళ్ళు తెమ్మని పంపించింది. సాయిబు గారి మొహం చూడలేకపోయాను. అప్పుడే మసీదులో సాయంత్రం నమాజుకి పిలిచే బాంగు వినపడింది. అందరూ ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. ఆయన చేతిలోది చేతిలోనే ఉండిపోయింది.

నమాజు నుంచి వచ్చాక వీధరుగు మీద నా పక్కన కూర్చున్నారు. రేపట్నుంచి తను నిజంగానే ఒక్కపొద్దు ఉంటానని చెప్పారు. ఏమైతే అదవుతుందట. నేను ఒంటికాలి మీద లేచాను. డాక్టరు మాట గుర్తు చేశాను, మసీదు పెద్దాయన మాట గుర్తు చేశాను, ఆఖరికి నేను నమ్మని దేవుడి మీద కూడా ఒట్టు వేశాను. మీరు చస్తే ఈ ఇంట్లో ఎవరికి పుణ్యం అని అడిగాను. అంత పెద్దమనిషిని అలా అనకూడదు, కానీ ఆగలేకపోయాను. ఆయన అన్నీ విని, నువ్వు మంచివాడివే అని నా వీపు తట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆ తట్టడం చూస్తే మాట వినే ఉద్దేశం లేదని తెలిసిపోయింది.

మర్నాడు ఆఫీసులో నా చేతులు ఆడలేదు. ఒక కవరు మీద రెండుసార్లు ముద్ర కొట్టి, ఇంకోదాని మీద కొట్టడం మర్చిపోయి చివాట్లు తిన్నాను. మధ్యాహ్నం కాగానే సందులోకి పరుగెత్తాను. విల్లు చప్పుడు లేదు. సావిడి ఖాళీగా ఉంది. నా కిటికీలో గిన్నెలు కూడా లేవు. చెప్పులతోనే నడవలోంచి పెరట్లోకి వెళ్ళాను. ఆ ఇంట్లో అంత లోపలికి నేను పిలవకుండా వెళ్ళడం అదే మొదటిసారి.

వంటింట్లో పీట మీద సాయిబు గారు కూర్చుని ఉన్నారు. ముందు కంచం, అందులో రొట్టె, కూర. ముట్టుకోలేదు. ఎదురుగా పెద్దమ్మ కూర్చుని ఉంది. పక్కన ఇంకో కంచం పెట్టి ఉంది.

"రా బాబూ, నీదీ ఇక్కడే పెట్టా. ఒక్కణ్ణే తినమంటే గొంతు దిగట్లేదంట ఈయనకి."

నేను గుమ్మంలోనే చతికిలబడ్డాను. ఏడుపు వచ్చేటంత పనైంది. మీకు తెలుసా అని అడిగాను.

"మొదటి రోజు నుంచీ తెలుసు. నీ ఒక్కడికే అన్ని రొట్టెలు పెడతానా? నీకేం జబ్బుందని రోజూ కాకరకాయ వండుతా? ఉండొచ్చన్నారని ఈయన చెప్తే నేను నమ్మానా? ఎక్కడ తినాలో ఈయనకే తెలవక ముందే వండి నీ కిటికీలో పెట్టా. నీ గది తప్పితే ఈయనకి ఇంకో చోటు లేదని నాకు తెలుసు."

సాయిబు గారు తల ఎత్తారు. అంటే మా ఇద్దరి గుట్టూ, దిండు మరమ్మతులూ, తలుపులు వేసుకోవడాలూ అన్నీ ఆవిడ చూస్తూనే ఉందన్నమాట. నాకు శిక్ష అనుకున్నది ఆయనకి పథ్యం. తెలిసి ఎందుకు ఊరుకున్నావని ఆయనే అడిగారు. దాక్కుని అయినా తింటున్నారుగా, బయటపెడితే మానేస్తారని భయపడ్డానంది. ఇప్పుడెలాగూ బయటపడింది, ఇక నేను భయపడేదేం లేదు, తినండి అంది.

ఆయన కంచం కేసి చూస్తూ కూర్చున్నారు. కోడలు వంటింటి అవతలి తలుపు వెనక నిలబడి ఉందని కనపడుతున్న చీరచెంగుని బట్టి తెలుస్తోంది. ఆయన అటు చూశారు. వాళ్ళు పస్తుండి చూస్తుంటే నేనెలా తిననే అన్నారు, చాలా చిన్నగా.

పెద్దమ్మ గొంతు పెంచలేదు. ఉపవాసంతో ఎండిన పెదాలు తడుపుకోకుండానే చెప్పింది.

"ప్రతి రంజాన్ నెలలో ఆడదానికి ఆ నెలసరి నాలుగు రోజులూ ఒక్కపొద్దు లేదు. తెలుసుగా మీకు? ఆ రోజుల్లో మీ అమ్మ ఆ తలుపు చాటునే తిన్నది. నేనూ అక్కడే తిన్నా. ఇదిగో ఈ కోడలు పిల్లా అక్కడే తింటుంది. మీ చెవిన పడకుండా నమలడం కూడా నేర్చుకున్నాం. ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా మీ కంట పడ్డామా? మాకు ఇన్నేళ్ళున్న సిగ్గు మీకు పదిహేను రోజులకే బరువైపోయిందా? పోయినేడు మీరు ఆసుపత్రిలో పడుంటే నేను ఒక్కపొద్దు ఉన్నానో లేదో నాకే గుర్తు లేదు. నాకు మీరు కావాలి. తినండి."

సాయిబు గారు చాలాసేపు ఆ తలుపు వైపే చూశారు. తను పుట్టి పెరిగిన ఇల్లు అది. ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో ఆయనకి ఆ రోజు దాకా తోచలేదు. నాకూ తోచలేదు, ఆ మాటకొస్తే. మా ఊళ్ళో మా అమ్మ ఎప్పుడు తినేదో, ఎక్కడ కూర్చుని తినేదో ఎంత గుర్తు చేసుకున్నా నాకు గుర్తు రాలేదు.

ఆయన రొట్టె తుంచారు. కూరలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నారు. నేను చెప్పులు బయట విడిచి వచ్చి, ఆయన పక్కన కూర్చున్నాను. తిని మాత్ర వేసుకున్నాక ఆయన లేస్తూ, భార్య వైపు చూడకుండా, ఇక ఎవరూ చాటుకి పోనక్కర్లేదని చెప్పమన్నారు. ఎవరికి చెప్పమన్నారో అందరికీ అర్థమైంది. ఆ పూట ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళి బోలెడన్ని చివాట్లు తిన్నాను. ఒక్కటీ బాధ పెట్టలేదు.

పండగ దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం మామూలుగా వంటింట్లోకి వెళ్ళాను. కంచాలు మూడున్నాయి. కోడలు గోడవైపు తిరిగి, తల మీద చెంగు లాక్కుని, తన కంచంలో అన్నం కలుపుకుంటోంది. సాయిబు గారు ఇటువైపు తిరిగి తింటున్నారు. ఎవరూ ఎవర్నీ చూడటం లేదు, కానీ ఇద్దరూ నములుతున్న చప్పుడు వినిపిస్తోంది. పెద్దమ్మ నా కంచంలో వడ్డించింది. ఆ అవతలి తలుపు తెరిచే ఉంది.